నీలం రంగుతో కరెంటు పుడుతుందా?

పాఠకుల సైన్సు ప్రశ్నలకు నల్లగొండ నుంచి రిటైర్డు కెమిస్ట్రీ లెక్చరర్ జవాబులు

ప్రశ్న: సార్, మాది పోచంపల్లి పక్కన ఊరు. ఇంటిల్లిపాదీ చిటికి కట్టుడు, అద్దుడు, నేసుడే. నా పని అద్దకం. బట్టలకు వేసే నీలం లాంటి రంగును ఒక పల్చని రేకు మీద పొరలు పొరలుగా పెంచి, ఎండ నుంచి కరెంటు తీసే పని జరుగుతున్నదని మా బిడ్డ ఫోన్ల చదివి చెప్పింది. మా రంగులు నెల దినాలు ఎండల పెడితే వెలిసిపోతయి. ఎండకు ఆగని రంగు కరెంటు ఎట్ల ఇస్తది? ఆ పొరలను ఎట్ల పెంచుతరు? మా డబ్బాల ఉన్న రంగు దానికి పనికొస్తదా?
– ఒక అద్దకం కార్మికుడు, భూదాన్ పోచంపల్లి మండలం

జవాబు: అన్నా, సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. రంగు ఎండకు వెలుస్తోందంటే అది వెలుతురును మింగుతోందన్న మాట. మింగని తెల్ల నూలుకు వెలిసే బాధే లేదు. రంగు అణువు వెలుతురును మింగగానే దానిలోని ఒక ఎలక్ట్రాను ఎక్కువ శక్తితో పైకి లేస్తుంది. అలా లేచి ఉండేది సెకనులో వంద కోట్లో వంతు లెక్కన. చాలా రంగుల్లో అంతకన్నా తక్కువే. ఆలోపు దారి దొరక్కపోతే ఆ శక్తి వేడిగా మారి పోతుంది. ఎప్పుడో ఒకసారి మాత్రం గాలిలోని ఆక్సిజన్‌తో జతపడి అణువునే విరగ్గొడుతుంది. లెక్కలేనన్ని అణువులు అలా విరిగితే మీ దండెం మీది నూలు వెలిసింది. లేచిన ఎలక్ట్రానును ఆ విరగ్గొట్టే పనికి పోనీయకుండా తీగలోకి మళ్లిస్తే అదే కరెంటు. రంగుతో సోలార్ అంటే ఉన్నదంతా ఈ మళ్లింపే.

ఎలక్ట్రాన్లు ఇచ్చిపుచ్చుకోవడం రంగులకు కొత్త కాదు. నీలిమందు తొట్టిలో హైడ్రోస్, కాస్టిక్ వేశాక నీళ్లు పసుపుపచ్చగా తిరుగుతాయి కదా. చిలప ముంచి పైకి తీస్తే గాలి తగిలి మీ కళ్ల ముందే పచ్చబడి, ఆపైన నీలమవుతుంది. హైడ్రోస్ ఆ రంగుకు ఎలక్ట్రాన్లు ఇచ్చింది, గాలి వాటిని లాక్కుంది. మీ చేతుల మీద రోజూ జరిగే పని అది.

మీ బిడ్డ చదివింది థాలోసయనిన్ అనే రంగు గురించి అయ్యుంటుంది. నూలుకు వేసే రియాక్టివ్ రంగుల్లో టర్కాయిస్ డబ్బా ఉంటుంది చూడండి, అది చాలా మట్టుకు ఈ కుటుంబానిదే. పత్రికల రంగు పేజీల్లోని నీలం సిరా కూడా ఇదే. దీని పుట్టుక చిత్రమైంది. 1928లో స్కాట్లాండ్‌లోని గ్రాంజ్‌మౌత్‌లో ఒక రంగుల ఫ్యాక్టరీ థాలిమైడ్ అనే తెల్లటి పదార్థం తయారు చేస్తుంటే, ఎనామిల్ పూత పగిలిన ఇనుప పాత్రలో నీలి మురికి తేలింది. అక్కడి రసాయనవేత్తలు దాన్ని పారబోయకుండా కూపీ లాగారు. పగులులోంచి బయటపడ్డ ఇనుము ఒక పెద్ద అణువు నడుమ చిక్కుకోవడం వల్ల వచ్చిన రంగది. లండన్‌లో లిన్‌స్టెడ్ బృందం 1934కల్లా దాని నిర్మాణం తేల్చింది. ఇనుము బదులు రాగి ఉన్న రూపం 1935లో మోనాస్ట్రల్ బ్లూ పేరుతో బజారుకొచ్చింది.

నాలుగు నత్రజని పరమాణువులు నడుమ ఒక లోహాన్ని పట్టుకున్న బల్లపరుపు చక్రం అది. ఆకులోని క్లోరోఫిల్‌లో ఉన్నదీ ఇలాంటి చక్రమే, నడుమ మెగ్నీషియం ఉంటుంది. రాగి థాలోసయనిన్ సూర్యకాంతిలోని ఎరుపు భాగాన్ని బాగా మింగుతుంది, పైగా ఎండకు మొండిగా ఆగుతుంది. గోడల పెయింట్లలో దాన్ని కలిపేది అందుకే. అంటే మీ అనుమానానికి ఈ రంగు వరకు జవాబు దొరికినట్టే: ఎండకు ఆగే రంగులు ఉన్నాయి.

ఇక కరెంటు సంగతి. 1986లో అమెరికాలో కొడాక్ కంపెనీలో పనిచేసే చింగ్ టాంగ్, రాగి థాలోసయనిన్ పొర మీద పెరిలీన్ జాతి రంగు పొర పెట్టి సోలార్ సెల్ చేశారు. మీద పడ్డ ఎండలో సుమారు 1 శాతం కరెంటుగా వచ్చింది. ఇప్పుడు వినడానికి తక్కువే కానీ, సేంద్రియ రంగుతో అంత రాబట్టడం ఆ రోజుల్లో పెద్ద ముందడుగు.

మరి అది 1 శాతం దగ్గరే ఎందుకు ఆగింది? అసలు చిక్కు ఇక్కడుంది, కాస్త నిదానంగా చెబుతాను. సిలికాన్‌లో వెలుతురు పడగానే ఎలక్ట్రాను, అది వదిలిన ఖాళీ రెండూ తేలిగ్గా విడిపోతాయి, గది వేడే అందుకు చాలు. రంగుల్లో అలా కాదు. ఎలక్ట్రాను, ఖాళీ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని జంటగా తిరుగుతాయి. రెండో పదార్థం అంచు తగిలితే తప్ప ఆ జంట విడిపోదు. ఆ అంచు చేరేలోపు అది తిరగగలిగే దూరం చాలా రంగుల్లో సుమారు 10 నానోమీటర్లే. మన వెంట్రుక మందం దాదాపు 80,000 నానోమీటర్లు, చూసుకోండి. పోనీ పొరను 10 నానోమీటర్లకే పలచన చేద్దామంటే వెలుతురు చాలావరకు మింగకుండానే దాటిపోతుంది. బాగా మింగాలంటే వందకు పైగా కావాలి. మందం పెంచితే జంట అంచుకు చేరదు, తగ్గిస్తే వెలుతురు చిక్కదు.

మామూలుగా రంగును పూస్తే అణువులు ఒకటి అడ్డంగా, ఒకటి ఏటవాలుగా, కుప్పగా పడతాయి. పక్క అణువు చక్రం సరిగ్గా ఎదురుగా లేకపోతే ఎలక్ట్రాను దూకలేదు. చిటికి కట్టిన పోగులు మగ్గం మీద కాస్త జరిగితే చిలక బొమ్మ చెదిరిపోతుంది; రంగు మంచిదే, నూలు మంచిదే, వరుస తప్పింది. ఇక్కడా అంతే. నా మటుకు నేను గట్టిగా నమ్మే మాట ఒకటుంది: కొత్త రంగు కనిపెట్టడం కన్నా ఉన్న రంగును వరుసలో నిలబెట్టడమే పెద్ద పని. చక్రాలన్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేరుకుని నిలువు స్తంభాలుగా నిలబడాలి. ఆ స్తంభాల అడుగు కరెంటు పారే రేకుకు ఆనాలి. స్తంభాల నడుమ సందుల్లో ఎలక్ట్రానును అందుకునే రెండో పదార్థం ఉండాలి. అప్పుడు మందం వంద నానోమీటర్లున్నా సరే, ఏ జంటకైనా అంచు పక్కనే ఉంటుంది.

అణువులు జాలీలా ముడిపడి ఇలాంటి వరుస దానంతటదే కట్టుకునే పదార్థాలను రసాయనవేత్త ఒమర్ యాగీ బృందం 2005లో మొదటిసారి చూపింది. 2025 కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఆయనొకరు. ఆ బహుమతి లోహాలతో కట్టిన అలాంటి జాలీ పదార్థాలకు వచ్చింది. 2010లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో విలియం డిక్టెల్ బృందం థాలోసయనిన్ చక్రాలను బోరాన్ ఉన్న కడ్డీల్లాంటి అణువులతో ముడివేసి, చదరపు గళ్ల జాలీ చేసింది. గడి వెడల్పు సుమారు 2 నానోమీటర్లు. ఒక జాలీ మీద ఇంకో జాలీ పేరుకుంటే చక్రం మీదికి చక్రం, గడి మీదికి గడి వచ్చాయి. కానీ వచ్చింది పొడి. ఏ ద్రావకంలోనూ కరగని పొడి. దేని మీదా సమంగా పూయడానికి రాదు. వరుస ఉంది, దానికి తీగ తగిలించే దారి లేదు.

2011లో వాళ్లు ఆ దారి చూపారు. నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చిన ఘట్టం ఇదే. పొడిని తెచ్చి రేకు మీద పూసే ఆలోచన మానేశారు. ముడిపడాల్సిన అణువులున్న గాజు గొట్టంలోకే గ్రాఫీన్ పొర ఉన్న రాగి రేకు ముక్కను దించి, గొట్టం మూతి మూసి, 90 డిగ్రీల దగ్గర వేడిలో ఉంచారు. గ్రాఫీన్ అంటే ఒక్క పరమాణువు మందాన ఉండే కార్బన్ పొర, చదును, కరెంటు బాగా పారుతుంది. చదునైన అణువులు ఆ చదును మీద వెల్లకిలా పడుకుని పక్కవాటితో ముడిపడతాయి. ముడిపడ్డప్పుడల్లా నీటి అణువులు బయటికొస్తాయి. ఈ ముడికి ఉన్న గొప్ప గుణం, అది మళ్లీ విడిపోగలదు. తప్పు దిక్కున పడ్డ ముడి విడిపోయి సరైన చోట పడుతుంది. అందుకే మెల్లగా, సరైన వేడి మీద జరిగితే వరుస దానంతటదే కుదురుకుంటుంది. ఒక పొర కుదిరాక దాని మీద ఇంకోటి, నడుమ దూరం నానోమీటరులో మూడో వంతు. గొట్టంలో ఉంచిన సమయాన్ని బట్టి పదుల నుంచి వందకు పైగా నానోమీటర్ల దాకా పొర పెరిగింది. అడుగున మామూలు పొడీ పడింది కానీ, గ్రాఫీన్ మీది పొరలో వరుస ఆ పొడిలో కన్నా బాగా కుదిరింది. ఎక్స్‌-కిరణాలను పొరను ఒరుసుకుపోయేలా ఏటవాలుగా పంపి, జాలీలన్నీ రేకుకు సమాంతరంగా పడుకున్నాయనీ, స్తంభాలు నిటారుగా లేచాయనీ రుజువు చేశారు. ఇదే దారిలో నికెల్ ఉన్న థాలోసయనిన్ పొరనూ పెంచారు.

ఇక్కడిదాకా చదివి రేపే మేడ మీద పరుచుకోవచ్చనుకోకండి. జర్మనీలోని మ్యూనిక్‌లో ఇలాంటి జాలీ గడుల్లో ఫుల్లరీన్ (బంతిలా ఉండే కార్బన్ అణువు) జాతి పదార్థం నింపి 2013లో సెల్ చేస్తే, ఎండలో 1 శాతంలో పదో వంతు కూడా కరెంటుగా రాలేదు. నీళ్ల బాధ ఒకటి. బోరాన్ ముడి పడేటప్పుడు నీరు బయటికొస్తుంది కదా, తర్వాత తేమ తగిలితే అదే ముడి విడిపోతుంది. మన వానకాలం గాలికి అది ఆగదు. నీళ్లకు, ఆమ్లానికి ఆగే వేరే రకం ముడులతో జాలీలు కట్టే పనిలో పుణేలోని నేషనల్ కెమికల్ ల్యాబొరేటరీ 2012లోనే మంచి దారి చూపించింది. మన హైదరాబాద్ తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ కూడా థాలోసయనిన్ రంగులతో సోలార్ సెల్స్ మీద పనిచేసింది. శాతం తక్కువని ఈ పనిని తీసిపారేయడం నాకు నచ్చదు. సిలికాన్ సెల్ 1954లో బెల్ ల్యాబ్స్‌లో 6 శాతంతో మొదలై ఇప్పుడు మన మేడల మీద 20 దాటింది.

మీ డబ్బాలో రంగు దీనికి పనికిరాదు. నీళ్లలో కరగడానికి, నూలును పట్టుకోవడానికి దానికి అదనపు తోకలు తగిలించి ఉంటారు, ఆ తోకలుంటే చక్రాలు వరుసకు రావు. జాలీకి కావాల్సిన థాలోసయనిన్‌ను ల్యాబులో వేరేగా, నాలుగు దిక్కులా ముడికి పనికొచ్చే కొసలు పెట్టి చేస్తారు. మీ బిడ్డ ఏం చదువుతోందో రాయలేదు. ఇంత ఇష్టంగా చదివి మీకు విడమరిచి చెప్పిందంటే, రసాయనం వైపు పంపండి.

ప్రశ్న: రంగు సెల్ కింద కరెంటు పారే అద్దం ఉంటుందంటారు. అద్దంలో కరెంటు పారదని మేము పిల్లలకు చెబుతాం కదా? – ఒక టీచరమ్మ, గద్వాల

జవాబు: మీరు చెప్పేది సరైందే అమ్మా, అద్దంలో పారదు. దాని మీది పూతలో పారుతుంది. ఇండియం టిన్ ఆక్సైడ్ అనే పూత, మీ ఫోన్ తెర మీద ఉన్నదీ అదే జాతి. వెలుతురు లోపలికి రావాలి, కరెంటు బయటికి పోవాలి, రెండూ ఒకే వైపు జరగాలి కాబట్టి ఈ తిప్పలు. ఇండియం అరుదైన లోహం, ఎక్కువగా జింకు శుద్ధి చేసేటప్పుడు పక్కన దొరుకుతుంది. పూత వంచితే పగులుతుంది. ఒక పొర గ్రాఫీన్ అయితే తన మీద పడ్డ వెలుతురులో 2.3 శాతమే మింగుతుంది, వంగుతుంది కూడా. పై జవాబులో చెప్పిన పొరలను గ్రాఫీన్ మీద పెంచడం ఆ రకంగానూ మంచి ఎంపిక.

ప్రశ్న: సార్, ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. రంగుతో సోలార్ సెల్ మా కాలేజీ ల్యాబులో చేయగలమా? దీని మీద పనిచేయాలంటే ఏం చదవాలి? – ఒక విద్యార్థిని, మహబూబ్‌నగర్

జవాబు: గ్రాఫీన్ మీద జాలీ మీ ల్యాబులో కాదు తల్లీ. కానీ రంగు సెల్ కచ్చితంగా చేయవచ్చు. బ్రయాన్ ఓ'రీగన్, మైకేల్ గ్రాట్జెల్ 1991లో చూపించిన పద్ధతి అది. టైటానియం డయాక్సైడ్ నుసి మీద రంగు అంటించి 7 శాతం పైన రాబట్టారు. మీకు వచ్చేది 1 శాతం లోపే. అయినా మీటర్ ముల్లు కదలడం చూస్తే పుస్తకంలో పేజీలకు పేజీలు చదివిన దానికన్నా ఎక్కువ అర్థమవుతుంది. మా పిల్లలతో ల్యాబులో చేయించినప్పుడల్లా చూశాను.

కరెంటు పారే అద్దం, సన్న నుసి టైటానియం డయాక్సైడ్ హైదరాబాద్ సైంటిఫిక్ షాపులకు చెప్పి తెప్పించుకోవాలి. పెయింటు రకం నుసి గరుకు, రంగును తక్కువ పట్టుకుంటుంది. ముందు మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి అద్దానికి ఏ ముఖం మీద పూత ఉందో చూడండి. పూత వైపు పదుల ఓమ్స్ చూపిస్తుంది, రెండో వైపు ఏమీ చూపదు. చాలామంది తడబడేది ఇక్కడే, కళ్లకు రెండు వైపులా ఒకేలా ఉంటాయి. అంచులకు సెల్లో టేపు అంటించండి, టేపు మందమే మీ పొర మందం. నుసిని కల్వంలో వెనిగర్ చుక్క చుక్కగా వేస్తూ గడ్డలు లేకుండా నూరాలి, చివర్లో ఒక్క బొట్టు గిన్నెలు తోమే సబ్బు ద్రవం. గాజు కడ్డీతో ఒక్క లాగుడులో పరిచి, ఆరాక టేపు తీసి, 450 డిగ్రీల దగ్గర అరగంట కాల్చాలి. దించగానే చల్లటి బండ మీద పెడితే అద్దం టప్పున పగులుతుంది, పొయ్యితోపాటే చల్లారనివ్వండి.

రంగుకు అల్లనేరేడు పండ్లు పిసికిన రసం చాలు. తెల్ల పొరను దానిలో పది నిమిషాలు ముంచితే ఊదాగా తిరుగుతుంది. ఆ రంగు అణువులో పక్కపక్కన ఉన్న రెండు ఓహెచ్ కొసలు టైటానియంను పట్టుకుంటాయి, నీళ్లతో కడిగినా వదలవు. నేరేడు కాలం కాకపోతే ఎర్ర మందార రెక్కలు మరిగించిన నీళ్లు వాడండి. పసుపుతో కూడా ఒకసారి చేసి పోల్చి చూడండి, పట్టు ఎంత తేడానో మీకే తెలుస్తుంది. రెండో అద్దం పూత వైపు మెత్తటి పెన్సిల్‌తో నల్లగా రుద్దండి. రెండింటినీ కొంచెం జరిపి ఎదురెదురు పెట్టి, క్లిప్పులు బిగించి, అయోడిన్, పొటాషియం అయోడైడ్ కలిపిన ఇథిలీన్ గ్లైకాల్ ఒకటి రెండు చుక్కలు అంచున వేస్తే అదే లోపలికి పీల్చుకుంటుంది. ఎండలో 0.3 నుంచి 0.5 వోల్టులు రావాలి. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. లెక్చరర్ పక్కన లేకుండా చేయకండి.

చదువు మాటకొస్తే, డిగ్రీలో కెమిస్ట్రీ తీసుకుని, సీపీగెట్ (తెలంగాణ పీజీ ప్రవేశ పరీక్ష) రాసి పాలమూరు యూనివర్సిటీలోనో, నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో, ఉస్మానియాలోనో ఎమ్మెస్సీ చేయవచ్చు. జామ్ (ఐఐటీల ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) రాస్తే ఐఐటీలు. ఆపైన సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్‌తో పరిశోధన. ఫిజిక్సును వదలకండి, ఈ పనిలో సగం అదే.

ప్రశ్న: మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టిద్దామనుకుంటే ఒకాయన ఆగమన్నడు. రంగు పూసే సోలార్ వస్తదట, చవుక అయితదట. ఆగాలా? – ఒక రైతు, వనపర్తి జిల్లా

జవాబు: ఆగొద్దు తమ్ముడూ. సేంద్రియ పదార్థాల సెల్స్ ల్యాబుల్లో చిన్న ముక్కల మీద 19–20 శాతం దాకా చేరాయి, కానీ మన ఎండకు ఇరవై ఏళ్లు ఆగే ప్లేటు ఇంకా బజార్లో లేదు. ద్రవం పోసిన రంగు సెల్స్‌లో చాలాసార్లు వాడేది అసిటోనైట్రైల్, అది 82 డిగ్రీలకే మరుగుతుంది. మన మే నెలలో మేడ మీద దాన్ని కారకుండా బంధించి ఉంచడమే గండం.

సిలికాన్‌కూ వేడి బాధ ఉంది, అది తెలిసి పెట్టించుకోండి. 25 డిగ్రీల మీద ఒక్కో డిగ్రీకి ప్లేటు ఇచ్చే కరెంటు 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. గాలి 44 డిగ్రీలుంటే ప్లేటు 70 దాకా కాలుతుంది. అంటే 540 వాట్ల ప్లేటు మండుటెండలో 455 వాట్ల దరిదాపుల్లోనే ఇస్తుంది. కాబట్టి మేడకు అతికించినట్టు కాకుండా కింద గాలి ఆడేలా ఎత్తు మీద బిగించమనండి, దుమ్ము కడగడానికి మనిషి పోయే సందు వదిలించండి, నీళ్లు పొద్దున్నే కొట్టండి. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. దరఖాస్తు మీ కరెంటు మీటరు ఎవరి పేరున ఉందో ఆ పేరుతోనే పెట్టండి.